కెమెరాకి అడ్డొచ్చిన శాలువా

తెర మీద భానుశ్రీ వీపు తప్ప ఇంకేమీ కనపడలేదు.

డాక్టర్ నేహా వీడియోని వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. మంచం మీద వీణ. తలంతా అతికించిన వైర్లు, వాటి మీద తెల్లటి కట్టు. చేతిలో టీ కప్పు. ఉన్నట్టుండి కప్పు పక్కన పెట్టి ఎటో చూడసాగింది. అంతే. కుర్చీలోంచి తల్లి లేచింది. గోధుమరంగు శాలువా ఒకటి గాలిలో విచ్చుకుంది. ఆ పైన రెండు నిమిషాలు తెర నిండా భానుశ్రీ వీపు, జడ, శాలువా అంచు.

"దీన్ని నేను పెద్ద డాక్టరుగారికి ఏమని చూపించాలి, ఆంటీ?" అంది నేహా హిందీలో.



"పోనీ ఆ వైర్ల గీతలైనా పడ్డాయి కదా మేడమ్?" అన్నాడు వరప్రసాద్. వీణ తండ్రి, మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు. ఏ కాగితంలోనైనా పనికొచ్చే ముక్క ఒకటుంటుందని అతని నమ్మకం.

"శాలువా లాగడంలో రెండు వైర్లు ఊడిపోయాయి అంకుల్. సరిగ్గా మాకు కావలసిన చోటివే."

వెనకాల గోడకానుకుని నిలబడ్డ వరప్రసాద్ తండ్రి కనకయ్య కళ్ళు దించుకున్నాడు.

సోమవారం నాడు ఈ అమ్మాయే ఎంతో ఓపిగ్గా చెప్పింది. వీణ మెదడులో ఎడమవైపు, చెవికి లోపలగా, జ్ఞాపకాలను దాచే చిన్న భాగం ఒకటి ఎండి మచ్చకట్టిందని స్కానింగులో తేలింది. ఫిట్స్ అక్కణ్ణించే లేస్తూ ఉండొచ్చు. మూడు రకాల మాత్రలు వాడినా ఆగలేదు కాబట్టి ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసేయొచ్చు. కానీ పాత పరీక్షల్లో రెండువైపులా తేడా కనబడింది. ఎడమవైపునే అని రూఢి కావాలంటే ఫిట్ వచ్చినప్పుడు కళ్ళారా చూడాలి. ఏ చెయ్యి తడుముకుంది, ఏ చెయ్యి బిగుసుకుంది, మాట ఎంతసేపటికి తిరిగొచ్చింది. అందుకే మాత్రలు తగ్గించి, కెమెరా కింద పడుకోబెట్టి, వచ్చేదాకా కాపలా కాస్తున్నారు.

"ఇవాళ గురువారం. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఈ బెడ్ ఇంకొకరికిచ్చేయాలి. ఈలోగా ఒక్కటైనా శుభ్రంగా రికార్డు కాకపోతే మళ్ళీ లైన్లోకి వెళ్ళాలి" అని నేహా లేచింది.

లైన్ అంటే ఎనిమిది నెలలు.

వరండాలోకి రాగానే వరప్రసాద్ గొంతు లేచింది.

"నీకు చెప్పారా లేదా? అడ్డం రాకూడదని, ఏదీ కప్పకూడదని, చెప్పారా లేదా?"

"చెప్పారు."

"మరి?"

"నా చేతులకి చెప్పలేదండీ ఎవరూ."

"వేళాకోళమా? ఎనిమిది నెలలు భానూ! ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాను ఈ బెడ్ కోసం? ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాను?"

"మీరు ఆఫీసుల చుట్టూ తిరిగారు. నేను దాని చుట్టూ తిరిగాను, పదకొండేళ్ళు." భానుశ్రీ గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయపెట్టింది కనకయ్యని. "మా చెల్లెలింట్లో వ్రతం మధ్యలో వచ్చినప్పుడు మీరున్నారా? కూరగాయల బజార్లో వచ్చినప్పుడున్నారా? మెట్రోలో వస్తే జనమంతా ఫోన్లు పైకెత్తారు, వీడియోలు తియ్యడానికి. అప్పుడూ ఇలాగే కప్పాను. ఇంటికొచ్చి చెప్తే మీరేమన్నారు? మంచిపని చేశావన్నారు."

వరప్రసాద్ చేతిలోని ఫైలుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అప్పుడు మంచిపని. ఇవాళ చెడ్డపని. అచ్ఛా, ఏ రోజు ఏది మంచో ముందే ఒక కాగితం రాసి ఇవ్వండి. గోడకి అంటించుకుంటాను."

పక్క బెంచీల మీది జనం తలలు తిప్పి చూస్తున్నారు. భాష తెలియకపోయినా తగువు తెలుస్తుంది ఎవరికైనా. కనకయ్య బెంచీ అంచున కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటున్నాడు. చెప్పాల్సిన మాట ఒకటి తన దగ్గరుంది. 

మొదటిసారి కప్పింది భానుశ్రీ కాదు. తాను.

వీణకి తొమ్మిదేళ్ళప్పుడు. ఢిల్లీ ధౌలా కువాన్‌లోని కాలేజీ హాల్లో తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమం. స్టేజీ మీద పద్యం చెప్తూ చెప్తూ పిల్ల ఆగిపోయింది. కళ్ళు ఎటో, నోట్లో ఏదో నములుతున్నట్టు పెదాలు చప్పరింపు, వేళ్ళతో పరికిణీ అంచు పీకడం. మర్చిపోయిందనుకుని ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. కనకయ్య స్టేజీ ఎక్కి, తన ఒంటిమీది శాలువా తీసి పిల్ల తలమీదుగా కప్పి, కిందికి నడిపించుకొచ్చాడు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు కప్పిన శాలువా అది. ఆ రాత్రి కోడలితో అన్నాడు: "అది వచ్చినప్పుడు కప్పెయ్యమ్మా. ఎవరి కంటా పడనియ్యకు."

ఆ ఇంట్లో దానికి పేరు లేదు. "అది" అంతే. పొట్టలోంచి ఏదో పైకి లేస్తోందని పిల్ల చెప్తే రెండేళ్ళు గ్యాసుకి మందు వాడారు. తర్వాత చదువు టెన్షన్ అన్నారు. శాలువా మాత్రం మారలేదు. ఘాజియాబాద్ ఫ్లాట్ నుంచి ఎక్కడికి బయల్దేరినా భానుశ్రీ సంచిలో అడుగున అదే.

"తాతా."

గది గుమ్మంలో వీణ నిలబడి ఉంది. తల వెనక నుంచి వైర్లన్నీ జడలా అల్లుకుని భుజానికి తగిలించిన చిన్న పెట్టెలోకి పోతున్నాయి. వెనకాల టెక్నీషియన్ సందీప్, "దీదీ, కెమెరా దాటి రావొద్దు" అని బతిమాలుతున్నాడు.

"వీడియో నేనూ చూస్తాను" అంది వీణ.

"ఎందుకే ఇప్పుడు..." అని భానుశ్రీ లేవబోయింది.

"ఎందుకంటే నేనెప్పుడూ చూళ్ళేదు మమ్మీ. నాకేమవుతుందో నీకు తెలుసు, నాన్నకి తెలుసు, మెట్రోలో జనానికి తెలుసు. ముఝే ఛోడ్‌కే సబ్‌కో పతా హై. నాకు తప్ప అందరికీ."

సందీప్ చూపించాడు. వీణ మంచం మీద కూర్చుని చూసింది. రెండు నిమిషాల పాటు చూసింది. చివర్న నవ్వింది. ఆ నవ్వుకి భానుశ్రీ మొహం పాలిపోయింది.

"ఇదా నేను? నేనెక్కడున్నాను ఇందులో?"

"వీణా..."

"గోధుమరంగు గుడ్డ. అదీ నేను."

సందీప్ తెర ఆపేశాడు. ఏసీ రొద వినిపిస్తోంది.

"ఒక్కదాన్నే కాలేజీకి వెళ్ళాలి నాకు" అంది వీణ చివరికి, తల దించుకుని. "అంతే. పెద్ద కోరికేం కాదు. ఇరవై ఏళ్ళొచ్చాయి. ఒక్కదాన్నే మెట్రో ఎక్కి, నా స్టాపులో నేను దిగాలి. నువ్వు పక్కన కూర్చుని నా మొహంలోకి చూస్తూ ఉండకుండా." ఆగి, "మమ్మీ, నువ్వింటికెళ్ళు. ఇక్కడ తాత ఉంటాడు" అంది.

గదిలో ఒక్కరినే ఉండనిస్తారు. నాలుగు రోజులుగా ఆ ఒక్కరు భానుశ్రీ.

"నాన్నా? డెబ్భై నాలుగేళ్ళ మనిషి. అది వచ్చిన క్షణంలో గంట నొక్కాలి, ప్రశ్నలడగాలి. ఆయన వల్ల అవుతుందా?" అన్నాడు వరప్రసాద్.

"సాహెబు గంట కొడితే ముప్పై నాలుగేళ్ళు లేచి పరిగెత్తాన్రా. ఒక్క గంట నేను నొక్కలేనా?" అన్నాడు కనకయ్య.

వీణ ఫక్కుమంది. ఈసారి నవ్వు మామూలుదే.

లిఫ్టు దగ్గర కోడల్ని పట్టుకున్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని మీట నొక్కుతూనే ఉంది. లిఫ్టు రావడం లేదు.

"అమ్మా భానూ. నీ తప్పు కాదు. నేర్పింది నేను. ఆ ఉగాది నాడు..."

"మీరొక్కసారి కప్పారు మావయ్యగారూ" అంది ఆమె లిఫ్టు తలుపు వైపే చూస్తూ. "మిగతావన్నీ నావే. అందులో మీకు వాటా ఇవ్వను."

"ఆ శాలువా తీసుకుపో, ఇంటికి."

"ఏసీ చల్లగా ఉంటుంది. మీకు మోకాళ్ళు పట్టేస్తాయి. కుర్చీ మీదే పెట్టాను. మీ కాళ్ళ మీద వేసుకోండి." తలుపు తెరుచుకుంది. లోపలికెళ్ళి ఇటు తిరిగింది. "నన్ను పొమ్మంది చూశారా? నన్ను."

తలుపు మూసుకుంది.

శుక్రవారం పొద్దున్నే నేహా వచ్చి కనకయ్యకి పాఠం చెప్పింది. మొదట గంట. తర్వాత దుప్పటి పూర్తిగా తీసెయ్యాలి. మంచానికి పక్కన, గోడవైపు నిలబడాలి. పేరడగాలి. చేతులెత్తమనాలి. ఒక మాట చెప్పి గుర్తుంచుకోమనాలి. అయిపోయాక ఆ మాటేమిటో మళ్ళీ అడగాలి. ఇంట్లో మాట్లాడే భాషలోనే.

"ఏ మాట?"

"మీ ఇష్టం అంకుల్. ముందుగా చెప్పొద్దు, అంతే."

ఆమె వెళ్ళాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ప్రాక్టీసు చేద్దామా?" అంది వీణ. "అడుగు."

"నీ పేరేంటమ్మా?"

"నీకు తెలీదా తాతా? నువ్వే పెట్టావంట కదా."

"అట్టా కాదే. సరిగా చెప్పు."

"ఫిట్‌లో ఉన్నాను కదా. సరిగా చెప్పకూడదు."

"నీకు ఫిట్ లేనప్పుడు కూడా సరిగా చెప్పవు. నేను తెలుగులో అడుగుతా, నువ్వు హిందీలో చెప్తావు."

"తో క్యా హువా? అయితే ఏంటి? అర్థమవుతోంది కదా నీకు."

వచ్చేదాకా పొద్దు గడవాలి. ఏదైనా చెప్పమంది. కనకయ్యకి చెప్పడానికి ఏముంది? ఆఫీసులో తన పని చెప్పాడు. కాగితాలు దొంతరగా పేర్చి, అంచులు సరిచేసి, దబ్బనంతో పొడిచి, దారం దూర్చి ఫైలు కుట్టడం.

"దబ్బనం అంటే?"

"పెద్ద సూది. ఇంత పొడుగుంటది. గోనెసంచులు కుడతారే, దాంతో."

"చేతికి గుచ్చుకోదా?"

"గుచ్చుకోకుండా ఉంటే అది దబ్బనం ఎందుకవుద్ది?" అని బొటనవేలి మీది పాత మచ్చ చూపించాడు. ఆ మచ్చని వీణ వేలితో తడిమింది.

పది గంటలైంది. పన్నెండైంది. ఏమీ రాలేదు. భానుశ్రీ ఫోన్ చేసింది, "వచ్చిందా?" అని. రెండింటికి మళ్ళీ, "వచ్చిందా మావయ్యగారూ?" నాలుగింటికి, "ఇంకా రాలేదా?" చుట్టం కోసం స్టేషన్లో నిలబడ్డవాళ్ళు అడిగినట్టుంది. పదకొండేళ్ళు రాకూడదని మొక్కిన మొక్కులన్నీ పక్కన పెట్టి, కనకయ్య ఆ సాయంత్రం కళ్ళు మూసుకుని, రావాలని దణ్ణం పెట్టుకున్నాడు. పెట్టుకుని, తన మీద తనకే రోత పుట్టి, చేతులు విడదీశాడు.

"ఈ దరిద్రం అక్కర్లేనప్పుడు వారానికి మూడుసార్లు వస్తుంది" అంది వీణ దిండుని గుద్దుతూ. "ఇవాళ దీనికీ సెలవేనా?"

శనివారం పదిన్నరకి భానుశ్రీ, వరప్రసాద్ వచ్చారు, తీసుకెళ్ళడానికి. ఒక్కరే ఉండాలనే నియమం ఆఖరి గంటలో ఎవరికీ పట్టలేదు. వరప్రసాద్ కాగితాల మీద సంతకాలకి కిందికి వెళ్ళాడు. సందీప్ వైర్లు ఊడదీసే మందు, దూది తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుమ్మం బయట తర్వాత పేషంటు తాలూకు వాళ్ళు అప్పుడే వచ్చేశారు. హర్యానా పల్లె మనుషులు. తలమీద ముసుగేసుకున్న ముసలావిడ, ఇద్దరు మగవాళ్ళు, మూటలు. తలుపు బార్లా తీసి ఉంది. వాళ్ళ చూపులన్నీ లోపలే.

తల్లీ కూతుళ్ళు గురువారం తర్వాత మాట్లాడుకోలేదు.

"ఇడ్లీ తెచ్చాను" అంది భానుశ్రీ.

"ఆకల్లేదు."

"నిన్నటినుంచీ ఏం తిన్నావు?"

"తాతనడుగు."

భానుశ్రీ కుర్చీ మీది శాలువా తీసి మడతపెట్టసాగింది. ఒక మడత. రెండో మడత.

"తాతా..." అంది వీణ.

ఆ పిలుపులో ఉన్న తేడా ముగ్గురికీ తెలిసింది.

"వస్తోంది. పొట్టలోంచి..."

కనకయ్య వేలు గంట మీద పడింది. వరండాలో ఎక్కడో మోత మోగింది. వంగి దుప్పటి లాగేశాడు. గోడవైపు జరిగాడు. సందీప్ అప్పుడే అందుకున్న దూది వదిలేసి పెట్టె దగ్గరికి దూకాడు.

వీణ కళ్ళు ఎటో వెళ్ళిపోయాయి. పెదాలు చప్పరిస్తున్నాయి. ఎడమచెయ్యి పైకి లేచి కుర్తా గుండీల దగ్గర తడుముతోంది. ఒక గుండీ ఊడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంగి, బిగుసుకుని, కొయ్యలా నిలిచిపోయింది.

గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళు. కళ్ళు విప్పార్చి చూస్తున్నారు.

రెండో గుండీ.

భానుశ్రీ చేతుల్లో శాలువా విచ్చుకుంది. కనకయ్య చూశాడు. వద్దమ్మా అందామనుకున్నాడు.  ఆమె ఒక అడుగు మంచం వైపు వేసింది. ఆగింది. 

తర్వాత వెనక్కి తిరిగింది. నాలుగంగల్లో గుమ్మం దగ్గరికెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి, శాలువాని తలుపుకి అడ్డంగా తెరలా పట్టుకుంది. వీపు కూతురి వైపు. మొహం జనం వైపు.

"చూడ్డానికేం లేదిక్కడ" అంది హిందీలో.  "జాయియే. వెళ్ళండి."

మంచానికి, కెమెరాకి మధ్య ఎవరూ లేరు.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు కనకయ్య.

జవాబు లేదు.

"చేతులెత్తు తల్లీ."

లేదు. మాట చెప్పాలి. రాత్రంతా ఏరిపెట్టుకున్న మాటలన్నీ, మల్లెపువ్వు, పావురం, రైలుబండి, ఒక్కటీ తోచలేదు. నోటికొచ్చింది ఒకటే.

"దబ్బనం. గుర్తుపెట్టుకో. దబ్బనం."

శాలువా అవతలి నుంచి ముసలావిడ గొంతు వినబడింది, మెల్లగా: "మా మనవడికీ ఇదే బేటీ. మా దగ్గర దాచేదేముంది? చేతులు దించుకో, నొప్పెడతాయి."

భానుశ్రీ చేతులు దించలేదు. భుజాలు మాత్రం ఎగిసిపడుతున్నాయి.

నేహా పరిగెత్తుకొచ్చింది. అప్పటికి చప్పరింపు ఆగింది. కుడిచెయ్యి మెల్లగా వదులైంది. వీణ కళ్ళు గదిలోకి తిరిగొచ్చాయి. నేహా గడియారం చూసుకుంటూ పెన్ను ఎత్తి చూపించింది. "యే క్యా హై, వీణా? ఇదేంటి?"

వీణ పెన్నుని చూసింది. అదేంటో తెలుసన్నట్టు చూసింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఒక నిమిషం. రెండు. నేహా రాసుకుంటోంది. మూడు. నాలుగో నిమిషం సగంలో, "పె...న్ను" అంది వీణ.

నేహా తెర దగ్గరికెళ్ళి చూసుకుంది. వెనక్కొచ్చినప్పుడు మొహంలో సంతోషం ఉంది. ఆ సంతోషం పక్కనే ఇంకేదో ఉంది.

"చాలా శుభ్రంగా వచ్చింది. నేను చూసినంతలో ఎడమవైపే, మచ్చ ఉన్నచోటే. పెద్ద డాక్టరుగారు చూడాలి." ఆగింది. "కానీ మాట ఆలస్యంగా వచ్చింది. అంటే ఆ మచ్చ మాటలుండే వైపే ఉన్నట్టుంది. తీసేస్తే ఫిట్స్ పోవచ్చు. కొన్ని పేర్లు, కొన్ని మాటలు కూడా పోవచ్చు. ఎన్ని అనేది ఇప్పుడు ఆమెకి ఎంత గుర్తుంటోందన్న దాన్ని బట్టి ఉంటుంది." కనకయ్య వైపు తిరిగింది. "మీరొక మాట చెప్పారు కదా? అడగండి."

భానుశ్రీ శాలువా దించి వెనక్కి తిరిగింది.

కనకయ్య మంచం మీదికి వంగాడు. "అమ్మా వీణా. నేనొక మాట చెప్పాను. ఏంటది?"

వీణ నొసలు ముడిపడింది. తాత చెయ్యి అందుకుని, బొటనవేలి మీది మచ్చని వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

"సూది" అంది చివరికి. హిందీలో కాదు, తెలుగులో. "పెద్ద... సూది."

అని, నెగ్గినట్టు నవ్వింది. భానుశ్రీ మొహం ఒక్కసారిగా విప్పారింది.

నేహాకి తెలుగు రాదు. కలం కాగితం మీద ఆనించి, కనకయ్య వైపు చూసింది.

"సహీ హై, అంకుల్? అదేనా మీరు చెప్పింది?"

అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. శాలువా కప్పినంత తేలిక. ఏమంత తేడా ఉంది? పెద్ద సూదే కదా దబ్బనం. మనవరాలు నవ్వుతూ తనకేసే చూస్తోంది. కోడలు తనకేసే చూస్తోంది.

కనకయ్య వీణ చెయ్యి వదల్లేదు.

"నహీ, డాక్టర్ సాబ్" అన్నాడు. "అర్థం గుర్తుంది. మాట పోయింది."

వీణ నవ్వు ఆగిపోయింది. నేహా రాసుకుంటున్న కలం చప్పుడు గదంతా వినిపించింది.

"ఆ మాటేంటి తాతా?" అంది వీణ.

కనకయ్య చెప్పాడు.

ఆ మాటని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వింటున్నట్టు, ఆమె అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.